బ్రోకరు లేకుండా బరంపురంలో ఇల్లు అమ్మకం: భూలేఖ్, ఐజీఆర్ సేవలు ఎంతవరకు ఆదుకుంటాయి?

గోడలకి రంగు వేయించి, గేటుకి బోర్డు కట్టి, కొనేవాడు బయానా పట్టుకొచ్చాక పట్టా తీస్తే అందులో తాతగారి పేరుంటుంది. బ్రోకరు లేకుండా మొదలైన అమ్మకాలు మళ్ళీ బ్రోకరు చేతికి పోయేది ఎక్కువగా అక్కడే. ధరలో శాతమో రెండు శాతాలో అతను పుచ్చుకునేది కొనేవాణ్ణి తెచ్చినందుకని మనం అనుకుంటాం. అందులో సగం కూలి, కాగితాల్లో తేడా ఎక్కడుందో ముందే పసిగట్టినందుకు. ఆ పసిగట్టే పని ఇప్పుడు ఒడిశా ప్రభుత్వ వెబ్‌సైట్లతో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు సొంతంగా ఇల్లు అమ్ముకునే తెలుగువాళ్ళకి అవి ఎంతవరకు పనికొస్తాయి, ఎక్కడ ఆగిపోతాయి, ఆ పైన ఇంటికి ఏం చేయించాలి అన్నది ఈ సమీక్ష.

భూలేఖ్: 5కి 4

ఒడిశా భూమి రికార్డులు చూపే సైటు ఇది. లాగిన్ లేదు, రుసుము లేదు. జిల్లా, తహసీలు, గ్రామం ఎంచుకుని ఖతియాన్ (ఖాతా) నంబరుతోనో, ప్లాట్ నంబరుతోనో, పేరుతోనో వెతకొచ్చు. ప్లాట్ నంబరుతోనే వెతకండి. పేరుతో వెతికితే మనవాళ్ళ పేర్లు తేలిగ్గా దొరకవు. పట్టా మొత్తం ఒడియాలో ఉంటుంది. ఒడియా లిపిలో ఎ-ఏ, ఒ-ఓ తేడా లేదు, మన ‘వ’ తరచు ‘భ’ అవుతుంది. వెంకటరావు ‘భెంకట రాఓ’ అయి కూర్చుంటాడు. ఇంటిపేరు ముందు రాసే అలవాటు మనది, చివర రాసే అలవాటు వాళ్ళది. ఈ రెండింటి మధ్య ఇంటిపేరే సొంతపేరైపోయిన పట్టాలూ, ఇనీషియల్ రాలిపోయిన పట్టాలూ కనిపిస్తుంటాయి.

మొదటి పేజీలో అన్నిటికన్నా పైన జమీందారు పేరు అన్న గడిలో ‘ఒడిశా సర్కార్’ అని ఉంటుంది. ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చే కొనుగోలుదారు ఒడియా చదవగలిగినవాణ్ణి వెంటబెట్టుకొచ్చి, ఆ మాట వినగానే గవర్నమెంటు భూమి అనుకుని వెనక్కి తిరుగుతాడు. జమీందారీలు రద్దయ్యాక ప్రైవేటు పట్టాలన్నిటి మీదా అదే ఉంటుంది. చూడాల్సింది దాని కింద రైతు పేరు ఉండే గడి. అక్కడ ‘పి:’ అంటే తండ్రి, ‘స్వా:’ అంటే భర్త, ‘జా:’ అంటే కులం, ‘బా:’ అంటే నివాసం. ఆ తర్వాత స్వత్వం దగ్గర ‘స్థితిబాన్’ అని ఉండాలి. అమ్ముకునే హక్కున్న శాశ్వత రైతు అని దానర్థం. ఈ నాలుగైదు మాటలకి తెలుగు అర్థం రాసి పట్టా ప్రింటుకి గుచ్చి ఉంచితే, వచ్చినవాళ్ళకి బ్రోకరు చెప్పేదానికన్నా నమ్మకంగా ఉంటుంది.

రెండో పేజీ మరీ ముఖ్యం. ప్లాట్ నంబరు, కిసమ్ (నేల రకం), చౌహద్ది (నాలుగు హద్దులు), విస్తీర్ణం అందులో ఉంటాయి. ఇల్లున్న నేలకి కిసమ్ ‘ఘరబారి’ అని ఉండాలి. ఊరి అంచున పెరిగిన కాలనీల్లో ఇల్లు కట్టి ఇరవై ఏళ్ళయినా కిసమ్ ఇంకా ‘శారద’ అనే ఉంటుంది, అంటే వరి పొలం. బ్యాంకు లోను మీద కొనేవాడికి ఆ పట్టా చూపిస్తే బ్యాంకు వకీలు మొదటి రోజే ఆపేస్తాడు. ఒడిశా భూసంస్కరణల చట్టం (1960) 8-ఏ సెక్షన్ కింద తహసీల్దారు దగ్గర కిసమ్ మార్పుకి దరఖాస్తు పెట్టాలి. ఫీజు, విచారణ, ఆర్ఐ రిపోర్టు అన్నీ అయి పట్టా చేతికి వచ్చేసరికి నెలలు పడుతుంది కాబట్టి ఇది రంగుకన్నా ముందు మొదలవ్వాల్సిన పని.

కులం గడి దగ్గర ఒక్క నిమిషం ఆగండి. అదే చట్టం 22వ సెక్షన్ ప్రకారం షెడ్యూల్డు కులాలు, తెగలవారి భూమి ఆ వర్గాలకి బయటివారికి అమ్మాలంటే రెవెన్యూ అధికారి రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆంధ్రాలో బీసీ జాబితాలో ఉన్న కులం ఒడిశాలో ఎస్సీ కావచ్చు. రజకులు అలాగే. ఆంధ్రాలో బీసీ సర్టిఫికెట్టున్న కుటుంబం, ఇక్కడి పట్టాలో ఏం రాసి ఉందో చూడకుండా బయానా పుచ్చుకుంటే ఇరుక్కుంటుంది. మీ భూమికి ఆ సెక్షను వర్తిస్తుందో లేదో సబ్-రిజిస్ట్రారు ఆఫీసులో ముందే అడిగి తెలుసుకోండి. రాయగడ, కొరాపుట్ జిల్లాల్లాంటి షెడ్యూల్డు ప్రాంతాల్లో నిబంధన ఇంకా గట్టిది. 1956 నాటి రెగ్యులేషన్ 2 ప్రకారం గిరిజనుల భూమి గిరిజనేతరులకి అమ్మడమే కుదరదు. అలాంటి భూమిని వెనకెప్పుడో తాతలు తెల్ల కాగితం మీద కొని ఉంటే దానికి అమ్మకం దారి వెతక్కండి, వకీలు దగ్గరికి వెళ్ళండి.

రైతు పేరు దగ్గర దేవుడి పేరూ, పక్కన ‘మార్ఫత్’ అని మనిషి పేరూ ఉంటే అది దేవుడి మాన్యం. 1951 నాటి ఒడిశా హిందూ ధర్మాదాయ చట్టం ప్రకారం ఎండోమెంట్స్ కమిషనర్ అనుమతి లేకుండా అమ్మడానికి లేదు. ఆలయాల చుట్టూ ఉన్న పాత వీధుల్లో ఇది గుర్తుపెట్టుకుని చూడండి.

ఇక సాబిక్, హాల్ సంగతి. కొత్త సెటిల్‌మెంటు, అంటే భూమిని మళ్ళీ సర్వే చేసి రికార్డు రాయడం, జరిగినప్పుడు ప్లాట్ నంబర్లు మారతాయి. పాతది సాబిక్, ఇప్పటిది హాల్. మీ దస్తావేజులో సాబిక్ నంబరుంటుంది, భూలేఖ్‌లో హాల్ నంబరు కనిపిస్తుంది. రెండూ ఒకే నేల అని చూపే కాగితం తహసీలులో తీసి పెట్టుకోకపోతే కొనేవాడి వకీలు “ఈ దస్తావేజు వేరే ప్లాటుది” అంటాడు. అతని తప్పేం లేదు. బరంపురం, పర్లాకిమిడి 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మద్రాసు ప్రెసిడెన్సీ గంజాం జిల్లాలోవి. పెద్దల నాటి మూల దస్తావేజు తెలుగులో ఉంటే ఇప్పటి వకీలు దాన్ని చదవలేడు. ఒడియాకో ఇంగ్లీషుకో అనువదించి నోటరీ చేయించి అసలుతో పాటు పెట్టండి. తెలుగు కాగితం ఉండటం లోపం కాదు, ఆస్తి ఎన్ని తరాలుగా మీ చేతిలో ఉందో చెప్పే సాక్ష్యం.

నాలుగు మార్కులే ఎందుకంటే భూలేఖ్ చూపిస్తుంది గాని సరిచెయ్యదు. ఆ ప్రింటు సమాచారం కోసమే. రిజిస్ట్రేషనుకీ బ్యాంకుకీ తహసీలు నుంచి సర్టిఫైడ్ కాపీ కావాలి. పేరులో అక్షరం తేడా ఉంటే ఇద్దరూ ఒకరేనన్న అఫిడవిట్‌తో చాలావరకు గడుస్తుంది. తండ్రి పేరు తప్పయితే గడవదు, రికార్డు దిద్దించాల్సిందే. పట్టాదారు పోయి ఉంటే వారసుల సర్టిఫికెట్టు, దాంతో మ్యుటేషన్ (రికార్డులో పేరు మార్పు), ఆ తర్వాతే అమ్మకం. ఇక్కడ ఆడపిల్లల్ని వదిలేసి మగపిల్లలు మాత్రం సంతకాలు పెట్టి లాగిద్దామని చూసే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. 2005 హిందూ వారసత్వ సవరణ చట్టం తర్వాత పిత్రార్జితంలో కూతురికి కొడుకుతో సమాన హక్కుంది. శ్రీకాకుళానికో విశాఖకో ఇచ్చిన అక్కచెల్లెళ్ళ సంతకం లేని దస్తావేజుకి లోను రాదు, వచ్చినా కేసు వెనకాలే వస్తుంది. రాలేనివాళ్ళు తాము ఉండే ఊరి సబ్-రిజిస్ట్రారు ముందే పవరాఫ్ అటార్నీ రాసి ధ్రువీకరించి పంపొచ్చు. ఆ పవరు ఆధారంగా అమ్మకం దస్తావేజు మాత్రం విడిగా రిజిస్టర్ కావాలి. పవరు కాగితం ఒక్కటే చేతులు మారితే ఆస్తి మారినట్టు కాదని సుప్రీంకోర్టు 2011లో తేల్చేసింది.

భూనక్షా: 5కి 3

ప్లాటు పటం ఇక్కడ కనిపిస్తుంది. పక్క ప్లాట్ల నంబర్లు, దారి ఎటు ఉందో చూసి చౌహద్ది సరిచూసుకోవడానికి చాలు. గోడ ఎవరి నేలలో ఉందో చెప్పదు. దానికి అమీనుని (సర్వేయరుని) పిలిచి కొలిపించాలి, పక్కింటివాళ్ళు ఉండగానే. పాత వీధుల్లో వరస ఇళ్ళకి ఉమ్మడి గోడలుంటాయి. ఆ గోడ సగం వాటా అని దస్తావేజు షెడ్యూల్లో రాయించాలి. వెనక పెరటి కాలువ, పక్క సందు ఎవరివో కూడా అప్పుడే తేల్చుకోండి. ఇంటి ప్లాటు కొలతకీ పట్టాలో ఉన్న విస్తీర్ణానికీ తేడా వస్తే, తక్కువ ఉన్నదాన్నే ప్రకటనలో వేయండి. తర్వాత తగ్గించాల్సి రావడం కన్నా అది నయం.

విస్తీర్ణం చెప్పేటప్పుడు మనవాళ్ళు పడే గొయ్యి ఒకటుంది. ఒడిశా డెసిమలూ ఆంధ్రా సెంటూ ఒకటే: 435.6 చదరపు అడుగులు, 48.4 గజాలు. గుంట మాత్రం ఒకటి కాదు. ఒడిశా గుంట ఎకరంలో 25వ వంతు, అంటే 4 డెసిమళ్ళు, 193.6 గజాలు. తెలంగాణ గుంట ఎకరంలో 40వ వంతు, 121 గజాలు. హైదరాబాదు నుంచి ఫోన్ చేసినవాడికి “గుంటన్నర స్థలం” అని చెబితే అతను 181 గజాలకి ధర కట్టుకుంటాడు. మీ దగ్గరున్నది 290 గజాలు. ప్రకటనలో గుంట మాట రానివ్వకండి, డెసిమళ్ళూ గజాలూ రెండూ వేయండి. పట్టాలో డెసిమల్ గడి చదవడంలో అనుమానం వస్తే పక్కనున్న హెక్టార్ల గడితో సరిచూసుకోండి. 6 డెసిమళ్ళంటే 0.0243 హెక్టార్లు.

ఐజీఆర్ ఒడిశా: ఈసీకి మూడున్నర, బెంచ్‌మార్క్ విలువకి నాలుగు

రిజిస్ట్రేషన్ శాఖ సైటులో ఈసీకి దరఖాస్తు పెట్టొచ్చు. బ్యాంకు వకీళ్ళు సాధారణంగా 13 ఏళ్ళదో 30 ఏళ్ళదో అడుగుతారు. ఒక్కసారే 30 ఏళ్ళది తీయించండి. ఈసీ అంటే రిజిస్టరైన లావాదేవీల జాబితా, అంతే. దస్తావేజులు తాకట్టుపెట్టి తీసుకున్న లోను, రిజిస్టరు కాని వీలునామా, కోర్టులో నడుస్తున్న దావా అందులో కనపడకపోవచ్చు. “ఈసీ క్లియర్” అని ప్రకటనలో పెద్దక్షరాల్లో వేసేవాళ్ళకి ఈ సంగతి తెలియదో, తెలిసే వేస్తారో. సాబిక్, హాల్ రెండు నంబర్లతోనూ ఈసీ వెతికించండి. ఒక్క హాల్ నంబరుతో తీస్తే సెటిల్‌మెంటుకి ముందు జరిగిన అమ్మకం తప్పిపోయి, ఖాళీ ఈసీ చేతికి వస్తుంది. చూడ్డానికి అందంగానే ఉంటుంది.

పాత హౌసింగ్ లోను తీరిపోయి ఉంటే బ్యాంకు దగ్గర మూల పత్రాలు, నో-డ్యూస్ లెటరు రెండూ ఉన్నాయో లేదో చూసుకోండి. 2023 డిసెంబరు 1 నుంచి అమల్లో ఉన్న రిజర్వు బ్యాంకు ఆదేశం ప్రకారం, బాకీ పూర్తిగా తీరిన 30 రోజుల్లో మూల పత్రాలు తిరిగివ్వాలి. బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 రూపాయల చొప్పున పరిహారం. లోను ఇంకా ఉంటే మిగిలిన బాకీ ఎంతో బ్యాంకు లెటరు తీసుకుని కొనేవాడికి ముందే చూపించండి. దాచిపెట్టి చివర్లో చెబితే ధర తెగ్గోస్తారు.

బెంచ్‌మార్క్ విలువ, అంటే ప్రభుత్వం ఆ నేలకి కట్టిన కనీస ధర, ఆ సైటులోనే చూసుకోవచ్చు. ఇది రెండు రకాలుగా కావాలి. స్టాంపు డ్యూటీ మీ అమ్మకం ధర, బెంచ్‌మార్క్ విలువ రెండింట్లో ఏది ఎక్కువైతే దాని మీద పడుతుంది. ఒడిశాలో అది మగవారి పేర కొంటే 5 శాతం, ఆడవారి పేర కొంటే 4 శాతం, రిజిస్ట్రేషన్ ఫీజు 2 శాతం. 40 లక్షల ఇల్లు భర్త పేర రాస్తే 2.80 లక్షలు, భార్య పేర రాస్తే 2.40 లక్షలు. బేరం చివర పాతికవేల దగ్గర బిగిసిపోయినప్పుడు ఈ 40 వేల మాట చెప్పండి, చాలాసార్లు పట్టు సడలుతుంది. ఆంధ్రా నుంచి వచ్చేవాళ్ళు అక్కడి ఏడున్నర శాతం లెక్క మనసులో పెట్టుకుని వస్తారు కాబట్టి ఇక్కడి లెక్క కాగితం మీద వేసి ఇవ్వండి.

రెండోది ఆదాయపన్ను. దస్తావేజులో చూపించిన ధర కన్నా స్టాంపు విలువ 10 శాతానికి మించి ఎక్కువుంటే, మీకు లాభం స్టాంపు విలువ మీదే లెక్కకడతారు, కొన్నవాడికీ తేడా మీద పన్ను పడుతుంది. అందుకని “ధర తక్కువ రాద్దాం, మిగతాది చేతికి” అనే బేరానికి ఒప్పుకోవద్దు. స్థిరాస్తి లావాదేవీలో 20,000 లేదా ఆ పైన నగదు పుచ్చుకుంటే అంత మొత్తమూ జరిమానా కావచ్చు. 50 లక్షలు, ఆ పైన ధరైతే కొనేవాడు 1 శాతం టీడీఎస్ పట్టుకుని కట్టాలి. బయానా దగ్గరే ఈ మాట అనుకోకపోతే ఆఖరి చెక్కు రోజు గొడవ. ఇల్లు 24 నెలలు దాటి మీ దగ్గరుంటే దీర్ఘకాలిక లాభం కింద 12.5 శాతం. 2024 జూలై 23కి ముందు కొన్నదైతే ద్రవ్యోల్బణం లెక్కతో 20 శాతం పద్ధతి కూడా వేసి చూసి, ఏది తక్కువైతే అది. పాత ఇంటికి రెండూ వేసి చూడమని ఆడిటరుకి గుర్తుచేయండి.

హోల్డింగ్ ట్యాక్స్ (ఇంటి పన్ను), నీటి బిల్లు, భూమి ఖజానా (శిస్తు), టీపీసోడల్ కరెంటు బిల్లు: నాలుగూ కట్టి రసీదులు ఒక ఫైలు. దీని గురించి ఇంతకన్నా చెప్పడానికి లేదు.

గోడలూ స్లాబూ

ఇక్కడి ఇళ్ళకి రెండు జబ్బులు: ఉప్పు, తుప్పు. సముద్రం గోపాలపురం దగ్గరే ఉంది, వానలు దండిగా కురుస్తాయి, పాత ఇళ్ళలో పునాది పైన చెమ్మనాపే పొర ఉండదు. నేలలో తడి ఇటుకల గుండా పైకెక్కి, సుమారు మూడడుగుల ఎత్తున ఉప్పు తెల్లగా తేలుతుంది. దాని మీద పుట్టీ, పైన మెరిసే ఎమల్షన్ పూయించి అమ్మకానికి పెట్టడం ఊరంతా చేసే పని. ఒక్క వర్షాకాలంలో పెచ్చులుగా లేస్తుంది. చూడ్డానికొచ్చిన మేస్త్రీ వేలితో నొక్కి చెప్పేస్తాడు. ఆ తర్వాత మీరు చెప్పే ఏ మాటకీ విలువ ఉండదు.

చెమ్మ ఎక్కణ్ణుంచో ముందు తేల్చుకోండి. అడుగు చదరం పాలిథీన్ ముక్కని నాలుగు వైపులా టేపుతో గోడకి అంటించి రెండు రోజులుంచండి. షీటుకి లోపలి పక్క నీటి బొట్లు పడితే తడి గోడలోంచి వస్తోంది. బయటి పక్క పడితే గదిలో గాలి ఆడక వచ్చిన తేమ, కిటికీలు తెరిస్తే పోతుంది. మూడడుగుల కన్నా ఎత్తున ఒకే చోట మచ్చ ఉంటే దాని వెనక పైపో, మేడ మీద నీళ్ళు పోయే గొట్టమో చూడండి.

గోడలోంచి అయితే, మచ్చ గీత కన్నా అడుగు పైదాకా ప్లాస్టరు చెక్కించాలి. తేలిన ఉప్పుని పొడి బ్రష్షుతో దులిపించాలి. నీళ్ళు పెట్టి కడిగితే కరిగి మళ్ళీ ఇటుకలోకే పోతుంది, కూలీలు చేసే మొదటి తప్పు ఇదే. గోడ నాలుగైదు వారాలు ఆరాలి. ఏప్రిల్, మే ఎండల్లో పని పెట్టుకోమనేది ఇందుకే. సున్నంతో కట్టిన పాత గోడకి సిమెంటు ప్లాస్టరు వేస్తే తడి బయటికి రాలేక ఇంకా పైకెక్కుతుంది, దానికి సున్నం ప్లాస్టరే సరి. సిమెంటు గోడైతే 1:4 పాళ్ళలో, 50 కిలోల బస్తాకి 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రవం కలిపి వేయించండి. డాక్టర్ ఫిక్సిట్ ఎల్‌డబ్ల్యూ ప్లస్ కొలత ఇదే. వేరే కంపెనీదైతే డబ్బా మీద చూడండి. ఎక్కువ పోస్తే ఎక్కువ గట్టిపడుతుందనుకునే మేస్త్రీ చేతికి సీసా ఇవ్వకండి, కొలిచి మీరే పోయండి. ఈ ద్రవం ప్లాస్టరులోకి నీరు దిగకుండా ఆపుతుంది. నేలలోంచి ఎక్కే తడిని పూర్తిగా ఆపదు. ఆ మాట కొనేవాడికి చెప్పేయడమే మంచిది.

పుట్టీ తెల్ల సిమెంటుది వాడండి. రెండు కోట్లకి కిలోకి సుమారు 20 చదరపు అడుగులని చెబుతారు గాని పాత గోడ మీద అంత రాదు, మూడో వంతు అదనంగా లెక్కేసుకోండి. కలిపింది మూడు గంటల్లో అవ్వాలి. బిగుస్తున్న దాంట్లో నీళ్ళు పోసి మళ్ళీ కలిపి పూస్తే పొడిపొడిగా రాలుతుంది. రంగు లేతదే మేలు. ఊదా, నారింజ గోడలు పట్టపగలే గదిని ఇరుకు చేస్తాయి.

స్లాబు కింద పెచ్చులూడి చువ్వలు కనపడుతుంటే దాని మీద సిమెంటు పట్టించి దాచకండి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, కొత్త అతుకుని ఏడాదిలో తోసేస్తుంది. సుత్తి పిడితో స్లాబంతా తట్టి, డొల్ల శబ్దం వచ్చిన చోటల్లా చెక్కించి, చువ్వల వెనక దాకా ఖాళీ చేసి, వైరు బ్రష్షుతో తుప్పు గీకించి, జింకు ప్రైమరు, దాని మీద లేటెక్స్ బంధం పూత, అది తడి ఆరకముందే పాలిమరు కలిపిన 1:3 మోర్టారు. ఏడు రోజులు తడపాలి. చువ్వ నాలుగో వంతు కన్నా ఎక్కువ సన్నబడితే మేస్త్రీ పని కాదు, ఇంజనీరుని పిలవండి. మేడ మీద నీటిగొట్టాలు మూసి రెండంగుళాల నీళ్ళు ఒక రోజంతా నిలిపి చూడండి. కింద మచ్చ రాకపోతే ఫొటో తీసి పెట్టుకోండి, ఫైలిన్ (2013), తిత్లీ (2018) తుఫాన్లు చూసిన ఈ జిల్లాల్లో కొనేవాడు మొదట అడిగేది మేడ గురించే.

బోరు నీళ్ళు టీడీఎస్ మీటరుతో (ఇది పన్ను టీడీఎస్ కాదు, నీటిలో కరిగిన లవణాల కొలత) చూసి అంకె రాసి పెట్టండి. భారత ప్రమాణం లీటరుకి 500 మిల్లీగ్రాములు, వేరే నీరు లేనిచోట 2,000 దాకా ఒప్పుకుంటుంది. గోపాలపురం వైపు ఇళ్ళకి ఇది మరీ అవసరం.

ప్రకటన సైట్లు: 5కి 2

ఓఎల్‌ఎక్స్, 99ఏకర్స్, మ్యాజిక్‌బ్రిక్స్‌లలో ఓనరుగా పెట్టుకోవచ్చు. మొదటి వారం ఫోన్లు ఎక్కువగా బ్రోకర్లవే. “రిజిస్ట్రేషను మీ పేరునేనా అండీ?” అన్న ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది. చూడకుండానే అడ్వాన్సు పంపుతానని క్యూఆర్ కోడ్ పంపేవాణ్ణి బ్లాక్ చేయండి. డబ్బు అందుకోవడానికి పిన్ కొట్టక్కర్లేదు. ఇంతకన్నా గేటు బోర్డే బాగా పనిచేస్తుంది: ‘ఘర బిక్రి హెబ’ అని ఒడియా లిపిలో, కింద తెలుగులో, డెసిమళ్ళు, గజాలు, ఫోను నంబరు. ఒక్క తెలుగులోనే రాస్తే ఒడియా కొనుగోలుదారు మొత్తం పోతాడు. ఆషాఢం, భాద్రపదం, పుష్యంలో మనవాళ్ళు కొనరు, పౌషంలో ఒడియావాళ్ళూ వెనకాడతారు. కాబట్టి కార్తీకం, మాఘం, ఫాల్గుణాలకి ఇల్లు తయారుగా ఉండాలి. చెమ్మ పని వేసవిలో, అతుకు వానల్లో నిలిచిందో లేదో చూసుకుని, రంగు దీపావళి ముందు, ఇదీ వరస.

బయానా నుంచి తాళాల దాకా

బయానా కాగితంలో గడువు తేదీ, లోను రాకపోతే ఎంత తిరిగివ్వాలి, టీడీఎస్ ఎవరు ఎప్పుడు కడతారు, ఉమ్మడి గోడ, ఇంట్లో వదిలే వస్తువులు అన్నీ రాయండి. కొనేవాడు లోను మీద కొంటుంటే మూడు నెలల కన్నా తక్కువ గడువు పెట్టకండి. డబ్బు బ్యాంకు ద్వారానే. చూపించడానికి జిరాక్సులే ఇవ్వండి, ప్రతి పేజీ మీద అడ్డంగా ‘పరిశీలన కోసం మాత్రమే’ అనీ తేదీ వేసి, ఆధార్ నంబరు చివరి నాలుగంకెలు తప్ప కొట్టేసి. మూల దస్తావేజు రిజిస్ట్రేషను రోజుకి ముందు చేతులు మారకూడదు.

దస్తావేజు రాసేవాళ్ళ సేవ విషయంలో జాగ్రత్త ఒక్కటే: రుసుము ఎంతో, అందులో ఏమేం కలిశాయో ముందే కాగితం మీద రాయించుకోండి. ఒడియాలో రాసిన చిత్తు ప్రతిని, ఒడియా చదవగలిగిన మీ మనిషి చేత ఒకసారి, పట్టా పక్కన పెట్టి చదివించండి. పేరు, తండ్రి పేరు, మౌజా (రెవెన్యూ గ్రామం), ఖతియాన్, ప్లాటు, కిసమ్, విస్తీర్ణం, చౌహద్ది ఈ ఎనిమిదీ అక్షరం తేడా లేకుండా పట్టాతో కలవాలి. రిజిస్టరయ్యాక దిద్దాలంటే సవరణ దస్తావేజు కావాలి, దానికి కొన్నవాడి సంతకం కూడా కావాలి. ఆ రోజుకి పాన్, ఆధార్, ఫొటోలు, ఇద్దరు సాక్షులు. వేలిముద్రలు అక్కడే తీసుకుంటారు.

తాళాలు ఇచ్చేటప్పుడు కరెంటు మీటరు రీడింగు ఇద్దరూ ఉండగా ఫొటో తీసి, ఆ అంకె మీద ఇద్దరి సంతకం. టీపీసోడల్, హోల్డింగ్ ట్యాక్స్ రెండింట్లోనూ పేరు మారిందో లేదో రెండు నెలల తర్వాత ఒకసారి కనుక్కోండి. కొన్నవాడు బద్ధకిస్తే బాకీ నోటీసు మీ పేరునే వస్తుంది.